దుబాసీ ప్రమాణం

ఒక్క మాట కలపనని, ఒక్క మాట మింగనని
పొద్దున్నే చెయ్యెత్తి చెప్పాను.
బ్రాంక్స్‌లో ఇళ్ల తగాదాల కోర్టు.
లోపల హీటరు బాగానే పనిచేస్తోంది,
అయినా బెంచీల మీద ఎవరూ కోటు విప్పరు.
అలవాటు తప్పింది.

ఫిర్యాదీ తెలెస్ఫోరా నొరాలెస్.
రాత్రిళ్లు ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పని.
హోండురాస్ తీరం మనిషి, గరీఫునా.
వాళ్ల పూర్వీకుల్ని ఒక దీవి నించి ఖాళీ చేయించి
ఓడలెక్కించారు ఒకప్పుడు.
అది ఈ కేసులో లేదు.
కాబట్టి అక్కడ నేను చెప్పలేదు.

ముందు వరండాలో
కంపెనీ లాయరు డెల్వెకియో కాగితం పట్టుకొచ్చాడు:
ఒక నెల అద్దె మాఫీ, ఇక్కడో సంతకం,
మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండొచ్చు.
అడుగున చీమ బారులా ఒక వాక్యం:
ఈ చలికాలం గురించి ఇక ఎన్నడూ అడగను.
చిన్న అక్షరాల్ని పెద్ద గొంతుతో చదివాను.
అక్షరాల సైజు గురించి
ప్రమాణం ఏమీ చెప్పదు.
ఆమె అతని పెన్ను తీసుకుంది,
మూత పెట్టింది,
తిరిగి ఇచ్చేసింది.

లోపల ప్రతివాది పేరు పిలిచారు:
'ఇరవై రెండు తొంభై ఒకటి క్రెస్టన్ ఎల్.ఎల్.సి.'
అది ఆమె ఉంటున్న ఇంటి నంబరే.
నా వైపు తిరిగి స్పానిష్‌లో అడిగింది:
"నేను ఇంటి మీద కేసు వేశానా?
ఇంటి తప్పేముంది, పాపం, దానికీ చలే."
మొత్తం ఇంగ్లీషులోకి దించాను, పాపంతో సహా.
జడ్జిగారు అక్కర్లేకపోయినా
కాగితాలు సర్దుకున్నారు.

చట్టం చెప్పేది రెండే అంకెలు.
బయట చలి ముదిరితే
పగలు గదిలో అరవై ఎనిమిది డిగ్రీలు, రాత్రి అరవై రెండు.
అంతకు తగ్గితే నేరం చలిది కాదు.
ఈ రెండంకెలు ఆమెకి చెప్పింది
కింది వాటా ఘనా పెద్దాయన,
బాయిలర్ గదికి తాళం పడ్డ రోజున.

సంచీలోంచి నోటుబుక్కు తీసింది.
చేతిరాత తొమ్మిదేళ్ల కొడుకుది.
నవంబరు పంతొమ్మిది, రాత్రి రెండు: యాభై నాలుగు.
ఇరవై: యాభై మూడు. పొయ్యి వెలిగించాం.
ఇరవై ఒకటి: యాభై మూడు. ఫోనెత్తలేదు.
ఇరవై రెండు:
ఒక గీత.

లాయరు గీత మీద వేలు పెట్టాడు.
"అయితే ఆ రాత్రి వెచ్చగా ఉందన్నమాట."

"ఆ రాత్రి వేరే థర్మామీటరు చూశాం," అంది ఆమె.
"నూట మూడు."

నా గొంతు ఇంగ్లీషు గడప దగ్గర
ఒక్క క్షణం ఆగింది.
ఆగడం కలపడం కిందికొస్తుందా, మింగడం కిందికా?
తర్వాత నూట మూడు అన్నాను.

ఇరవై నాలుగు గంటల్లో వేడి రావాలి,
రాకపోతే రోజుకింత జరిమానా.
"ఏ ఇరవై నాలుగు? ఇప్పట్నించా?"
ఇప్పట్నించే.
గోడ గడియారం చూసి
నోటుబుక్కులో రాసుకుంది: పదకొండూ నలభై.
గెలిచినట్టు లేదు మొహం.
బస్సు వేళ చూసుకున్నట్టుంది.

లిఫ్టులో అడిగింది,
"మీ ఇంట్లో వెచ్చగా ఉంటుందా బాబూ?"
కక్షిదారులతో సొంత మాటలు కూడదు.
తలూపాను.
అవుననో కాదనో నాకే తెలీదు.

సాయంత్రం ఫోర్డమ్ రోడ్డు మీద
డాలరున్నర పెట్టి ఒకటి కొన్నాను.
మంచం పక్క గోడకి పాత మేకొకటి ఉంది,
ఎవరో ఖాళీ చేస్తూ వదిలేసింది.
పదమూడేళ్లుగా ఊరందరి చలినీ
ఇంగ్లీషులోకి దించుతున్నాను.

రాత్రి ఒంటిగంట.
యాభై తొమ్మిది.
ఖాళీ నోటుబుక్కు ఒకటి ఉండాలి
ఈ సొరుగులో ఎక్కడో.